నీళ్ళబండి

ఎర్ర ఫోన్ మోగేసరికి వసంతకుమారి మొగుడి తెల్లకోటు ఇస్త్రీ చేస్తోంది. ఆ ఫోన్‌కి నంబర్లు తిప్పే చక్రం లేదు. ఎవరికైనా చేయడానికి పెట్టింది కాదు అది, మోగితే ఎత్తడానికి పెట్టింది. కోల్టన్ రిడ్జ్ చుట్టుపక్కల ఎవరి కొంపంటుకున్నా ముందు ఆ వంటింటి గోడ మీదే గణగణలాడుతుంది. పక్కనే ఒక నల్ల మీట. దాన్ని కిందికి లాగితే రోడ్డవతల ఫైర్ హాలు కప్పు మీది సైరన్ లేస్తుంది. ట్రాక్టరు మీదున్నవాడు ట్రాక్టరు మీద, పాలు పితుకుతున్నవాడు కొట్టంలో, ఎక్కడి పని అక్కడే పడేసి పరుగెత్తుకొస్తారు. ఆ ఊరి ఫైర్‌మెన్ అంటే వాళ్ళే. జీతం బత్తెం ఏమీ లేవు.

ఫోన్ ఆవిడ కోరి పెట్టించుకున్నది కాదు, అద్దెయింటితోపాటు వచ్చింది. ఆనందబాబుకి వర్జీనియాలోని ఆ పాడిరైతుల మధ్య పశువుల డాక్టరుగా పని దొరికి, ఇంకా అట్టపెట్టెలు విప్పుకోకముందే, ఫైర్ చీఫ్ వెర్నన్ స్టిక్లీ టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. పగలు ఊళ్ళో ఆడా మగా అందరూ పొలాల్లో ఉంటారనీ, మీరు ఇంటిపట్టునే ఉంటారు కాబట్టి ఆ ఫోన్ కాస్త కనిపెట్టుకుని ఉంటారా అనీ అడిగాడు. గుంటూరు మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసిన మనిషికి గంట మోగితే లేవడం కొత్తా? సరేనంది. అది డెబ్భై ఎనిమిదిలో మాట. ఇది ఎనభై నాలుగు జూన్.

ఇస్త్రీపెట్టె ప్లగ్గు లాగి ఫోన్ ఎత్తింది. ఎడ్నా టాలివర్ గొంతు. వంటింట్లో మంటలంది. క్లైడ్ మేడ మీదున్నాడంది. క్లైడ్ ఆమె భర్త, పక్షవాతం వచ్చి మంచాన పడ్డ మనిషి. లేపి కూర్చోబెట్టాలంటేనే ఇద్దరుండాలి. వసంతకుమారి ఫోన్ భుజానికీ చెవికీ మధ్య నొక్కిపట్టి మీట లాగింది. బయటికి వెళ్ళిపొమ్మనీ, వాళ్ళు వచ్చేస్తున్నారనీ ఎడ్నాకి చెప్పింది. అవతల ఫోన్ పడిపోయిన చప్పుడైంది.

తర్వాత రోడ్డు దాటి హాలు దగ్గరికి పరుగెత్తింది. గుమ్మం పక్కన నల్లబల్ల ఉంటుంది. వచ్చినవాడు వచ్చినట్టు దాన్ని చూసి బండెక్కుతాడు. "టాలివర్ ఇల్లు. మేడ మీద మనిషి" అని సుద్దముక్కతో పెద్ద అక్షరాలు రాసి, రెండు షట్టర్లూ పైకి తోసింది. మొదటి దాంట్లో ఇంజన్ ఉంది. రెండో దాంట్లో నీళ్ళబండి లేదు. కింద సిమెంటు మీద చక్రాల తడి ఇంకా ఆరలేదు.

ఎవరో తనకంటే ముందే వచ్చి తీసుకెళ్ళారనుకుంది. అలా అనుకోవడానికి వీల్లేదని ఆవిడకీ తెలుసు. ఆ ఊళ్ళో పట్నంలోలాగా వీధి కొళాయిలుండవు. ఇంజన్‌లో పట్టే నీళ్ళు నాలుగు నిమిషాలు చల్లడానికి సరిపోతే గొప్ప. వెనకే నీళ్ళబండి వెళ్ళి, నేల మీద కాన్వాసు తొట్టి పరిచి అందులో నీళ్ళు గుమ్మరించాలి, ఇంజన్ ఆ తొట్టిలోంచి తోడుకోవాలి. ఇంజను వెళ్తే దాని వెనకాల నీళ్ళబండి ఉండి తీరాలి.

మనుషులు వచ్చారు. ఒకడి బూట్లకి పేడ, ఒకడి చేతులకి గ్రీజు. ఖాళీగా ఉన్న చోటుని చూసి ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఇంజన్ ఎక్కి వెళ్ళిపోయారు.

ఫోన్ వదిలి వెళ్ళడానికి లేదు కాబట్టి వసంతకుమారి వంటింటికి తిరిగొచ్చి కిటికీ దగ్గర నిలబడింది. ఇన్నేళ్ళలో ఆవిడకి పొగని చదవడం వచ్చింది. నల్లగా లేస్తే మంట పెరుగుతోందని, తెల్లబడితే నీళ్ళు పడుతున్నాయని. టాలివర్ల మిట్ట మీద పొగ నల్లగా లేచింది. కాసేపటికి తెల్లబడింది. ప్రభువా అనుకుని ఊపిరి తీసుకుంది. అంతలోనే ఆ తెలుపు పలచబడి, మళ్ళీ నల్లటి పొగ, ముందటికంటే లావుగా, చెట్ల మీదికి లేచింది. కిటికీ చట్టం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఎంతోసేపటికిగానీ మళ్ళీ తెల్లబడలేదు.

క్లైడ్ టాలివర్‌ని కిందికి దించలేకపోయారు. ఇద్దరు మెట్ల సగం దాకా వెళ్ళారట. అక్కడ చేతిలో గొట్టం మెత్తబడిపోయి, నీళ్ళు ఆగిపోయి, వెనక్కి రావాల్సి వచ్చిందట.

ఎడ్నాని తీసుకొచ్చి వసంతకుమారి ఇంట్లోనే దించారు. ఎక్కడికి వెళ్తావని అడిగితే, నర్సమ్మ ఇంటికి అందట ఆవిడ. పిల్లల్లేరు. ఉన్న మేనకోడలు నార్త్ కరొలైనా నుంచి రావాలి. వసంతకుమారి వేణ్ణీళ్ళు పెట్టి తలంటింది. ఎన్ని నీళ్ళు పోసినా బూడిదే కారింది. తన నైటీ తొడిగి, కూతురు రేణు కాలేజీకి వెళ్ళాక ఖాళీగా ఉన్న గదిలో పడుకోబెట్టింది. పొద్దున్న గంజి కాచి ఉప్పేసి ఇస్తే ఆ మహాతల్లి ఇదేమిటని అడగకుండా చెంచాతో మొత్తం తాగింది. మనిషి పోయినచోట ఎవరింట్లోనైనా ఇంతే కదా, పెట్టింది తినడం, చెప్పింది చేయడం.

ఆ మధ్యాహ్నం రొట్టె కోసం కొట్టుకి వెళ్తే, గల్లాపెట్టె దగ్గరున్న ఆవిడ చిల్లర ఇస్తూ ఇస్తూ చెయ్యి పట్టుకుంది. నువ్వేం మనసులో పెట్టుకోకు, కంగారులో ఎవరికైనా చెయ్యి ఆడదు, అంది. వసంతకుమారికి అర్థం కాలేదు. అక్కడే సోడా తాగుతున్న ఇద్దరు ఫైర్‌మెన్ సీసాలకేసి చూస్తూ ఉండిపోయారు. అప్పుడు ఆవిడే జాలిగా, తెలియని విషయం చెబుతున్నట్టుగా చెప్పింది. సైరన్ ఆలస్యంగా మోగిందనీ, అది సమయానికి మోగి ఉంటే నీళ్ళబండి అందేదనీ, విచారణకి వచ్చిన కౌంటీ, అంటే జిల్లా, ఇన్‌స్పెక్టరుకి చీఫ్ వెర్నన్ చెప్పాడట. పాపం ఆవిడ ఫోన్‌లో కంగారుపడింది, మన దేశపు మనిషి కాదు కదా, అన్నాడట.

రొట్టె అక్కడే మర్చిపోయి ఇంటికొచ్చింది.

ఆనందబాబు రాత్రి భోజనాల వేళకి వస్తే, ఎడ్నా నిద్రపోతోందని చూసుకుని, గొంతు తగ్గించి సంగతంతా చెప్పింది. ఆయన చేతులు కడుక్కుంటూ ఉండిపోయాడు. అప్పటికే శుభ్రంగా ఉన్న చేతుల్ని మళ్ళీ మళ్ళీ రుద్దుతున్నాడు. ఆ చేతులకేసి చూసి, ఈయనకేదో తెలుసనుకుంది.

"టాంకర్ ఎక్కడుందో నేను చూశాను వసంతా," అన్నాడు చివరికి.

"ఎక్కడండీ?"

"కొత్తగా ఇల్లు కట్టుకున్న లాయర్ ఉన్నాడు కదా, వాళ్ళ గుర్రానికి ఇంజెక్షన్ ఇవ్వడానికి వెళ్ళాను. పెరట్లో స్విమ్మింగ్ పూల్‌కి పైపు వేసి నింపుతున్నారు. వాళ్ళమ్మాయి గ్రాడ్యుయేషన్ పార్టీట. వెర్ననే డ్రైవ్ చేసుకొచ్చాడు. సైరన్ వినపడగానే పైపు పీకేశాడు, పాపం, నేను అక్కడే ఉన్నాను. కానీ అప్పటికే బండి ఖాళీ. వాగు దగ్గరికి పోయి మళ్ళీ నింపుకుని వెళ్ళాలి."

వేసవిలో ఈతకొలనులు నింపిపెట్టడం ఫైర్ కంపెనీకి, అంటే ఆ ఊరి ఫైర్‌మెన్ జట్టుకి, అలవాటే. నింపించుకున్నవాళ్ళు విరాళమిస్తారు. ఆ డబ్బుతోనే గొట్టాలు, మంటల్లోకి వేసుకెళ్ళే కోట్లు కొంటారు. అదేం దొంగతనం కాదు. కాకపోతే బండి బయటికి వెళ్ళేటప్పుడు పక్క ఊరి కంపెనీకి చెప్పి, వాళ్ళ బండిని సిద్ధంగా ఉంచాలి. చెప్పలేదు. పట్టపగలు, అరగంట పని, ఏమవుతుందిలే అనుకున్నాడు.

"మరి మీరెందుకు చెప్పలేదు?"

"ఎవరికి చెప్పను? నా ప్రాక్టీసులో సగం ఆ ఫైర్ కంపెనీవాళ్ళ ఆవులే. మనం ఇక్కడ ఉండాలా వద్దా? నాలుగు రోజులు అనుకుంటారు, వదిలేస్తారు." అన్నాక తల తుడుచుకుంటున్నట్టు తువ్వాలు మొహం మీదికి లాక్కున్నాడు.

ఆవిడకి మొగుడి మీద కోపం రాలేదు, అదే ఆశ్చర్యం. ఇంకో భయం పట్టుకుంది. ఫోన్ మోగగానే తను ఇస్త్రీపెట్టె ప్లగ్గు లాగింది. లాగాకే ఎత్తింది. మీట ఎప్పుడు లాగింది? ఎడ్నా మాట మధ్యలోనా, అంతా అయ్యాకా? మేడ మీద మనిషి అన్నాక రెండు క్షణాలు నిలబడిపోయిందేమో. నలుగురూ ఆలస్యమైంది అంటుంటే తన చేతుల మీద తనకే నమ్మకం పోయింది. ఇస్త్రీబల్ల దగ్గర నిలబడి గోడ దాకా నడిచి చూసుకుంది. వెనక్కొచ్చి మళ్ళీ నడిచింది. ఎలా నడిచినా ఆ రోజు నడిచినట్టు అనిపించలేదు.

అంత్యక్రియలకి ముందు రోజు ఎడ్నా ఏదైనా పని ఇమ్మంది. వసంతకుమారి బఠాణీకాయల గిన్నె ముందు పెట్టింది. ఇద్దరూ కూర్చుని ఒలుస్తున్నారు. ముసలావిడ బొటనవేలి గోరుతో కాయ పొట్ట చీల్చి గింజల్ని ఒక్క తోపులో రాలుస్తోంది. వసంతకుమారి ఇంక ఆగలేకపోయింది. తల ఎత్తకుండానే అడిగింది.

"ఎడ్నా, ఆ రోజు నేను ఆలస్యం చేశానా?"

ముసలావిడ చేతులాగాయి.

"లేదమ్మా. నేను క్లైడ్ పేరు చెప్పీ చెప్పకముందే మోగింది. కిటికీలోంచి ఒకసారి, ఫోన్‌లోంచి ఒకసారి, రెండు చెవులకీ రెండు సైరన్లు వినపడ్డాయి. ఇంక ఫర్వాలేదనుకున్నాను."

వసంతకుమారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గుండెల మీదినుంచి పెద్ద బండ ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది. కానీ ఎడ్నా అక్కడితో ఆపలేదు. ఆ రోజు వెర్నన్ బండితో ఎక్కడున్నాడో కూడా తనకి తెలుసంది. వేసవిలో బండి హాల్లో లేదంటే ఏదో ఈతకొలను దగ్గరుందనేననీ, ఇంజన్ మీద వచ్చిన కుర్రాళ్ళు తన మొహం చూడలేకపోతున్నప్పుడే అర్థమైందనీ అంది. అని, చేతిలో ఉన్న కాయని గిన్నె అంచు మీద పెట్టింది.

"నిన్నొకటి అడుగుతాను. ఇది బయటికి చెప్పకు."

కౌంటీవాళ్ళు చిన్న కంపెనీలన్నీ మూసేసి పెద్ద ఊళ్ళో జీతాల ఫైర్‌మెన్‌ని పెట్టాలని చూస్తున్నారనీ, సాకు కోసమే కాచుకుని ఉన్నారనీ ఎడ్నా చెప్పింది. చీఫే నీళ్ళబండిని పార్టీకి తీసుకెళ్ళాడని తెలిస్తే మర్నాడే తాళం వేస్తారు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఏడాది బడి కాలిపోతే, క్లైడూ ఇంకో ఐదుగురూ పాతపడ్డ పాలబండి కొని ఎర్రరంగు వేసి మొదలుపెట్టిన కంపెనీ అది. ఆ హాలు గోడల్లో ప్రతి ఇటుకా క్లైడ్ చేత్తో పేర్చిందే. తను కోళ్ళు వేయించి, పళ్ళెం ఇంత అని భోజనాలు అమ్మి, ఆ డబ్బుతో కప్పు వేయించింది.

"ఇల్లు పోయింది. ఆయన పోయాడు. అదొక్కటీ ఉండనీ," అంది. "నిన్నెవరూ ఏమీ చేయరు. కంగారుపడిందంటారు, అంతే కదా."

అంతే కదా. మిషన్ ఆసుపత్రిలో పిల్లల వార్డులో పని చేసినప్పటినుంచి కంగారుపడే మనిషి అని ఎవరూ అనని ఆడది వసంతకుమారి. ఆవిడ దగ్గర గొప్పగా చెప్పుకోవడానికి ఉన్నది ఆ ఒక్క పేరే. దాన్ని ఈ ముసలావిడ బఠాణీ తొక్కలతోపాటు అడిగేస్తోంది. కానీ ఎదురుగా ఉన్న మనిషి ఒంటి మీద సొంత గుడ్డ కూడా లేదు. కాదనడానికి నోరు రాలేదు. సరేనంది.

క్లైడ్ శవపేటికని ఇంజన్ మీద పెట్టి చర్చి నుంచి సమాధుల దాకా తీసుకెళ్ళారు. అది వాళ్ళ ఆచారం. గొట్టాలు చుట్టిపెట్టే చోట పెట్టె, వెనక నీళ్ళబండి. నిండా నీళ్ళతో, బరువుగా, నెమ్మదిగా వచ్చింది. దాన్ని చూసి వసంతకుమారి తల తిప్పుకుంది. ఎడ్నా మాత్రం ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుని దాని వెనకే నడిచింది. మట్టి వేసేముందు ఒకసారి సైరన్ మోగించారు. మీట దగ్గర ఈ ఒక్క రోజుకీ నువ్వుండొద్దులే అని వెర్నన్ భార్యే పొద్దున్న వచ్చి మర్యాదగా చెప్పి వెళ్ళింది. ఎవరు లాగారో గానీ సరిగా లాగలేదు, సగంలో గొంతు తెగినట్టు ఆగిపోయింది.

భోజనాలు హాల్లోనే. బండ్లు బయట పెట్టి లోపల బల్లలు వేశారు. వేయించిన కోడి, బంగాళాదుంపల కూర, పందిమాంసం పెట్టిన మెత్తటి రొట్టెబిళ్ళలు. వసంతకుమారి పులిహోర కలిపి తెచ్చింది. ఆ ఊరివాళ్ళకి అది అలవాటే, పసుపన్నం అంటారు. కౌంటీ ఇన్‌స్పెక్టరు కూడా టై కట్టుకుని ఒక చివర కూర్చున్నాడు. ఆనందబాబు రైతుల మధ్య ఇరుక్కుని కూర్చుని ఎవరి ఆవు గురించో తల ఊపుతున్నాడు.

వెర్నన్ లేచాడు. ఎండకి కాలిన మెడ, బిగుతుగా ఉన్న కోటు. పొద్దుటినుంచీ ఏడ్చినట్టున్నాయి కళ్ళు. క్లైడ్ గురించి చెప్పాడు. పాలబండి గురించి చెప్పాడు. నిప్పార్పి వచ్చాక నీళ్ళబండి నింపేదాకా బూట్లు విప్పకూడదని, కాఫీ ముట్టకూడదని క్లైడ్ పెట్టిన నియమం చెప్పాడు. మంచినీళ్ళు తాగి, ఇంకొక్క మాట అన్నాడు.

"మన మధ్య ఒక మనిషి చాలా బాధపడుతోంది. మిసెస్ బాబు ఇన్నేళ్ళు మనకోసం చేసింది. ఒక్కరోజు పొరపాటు జరిగింది. ఆమె మీద మనకి కోపం లేదు. క్లైడ్ ఉంటే క్షమించేవాడు. మనమూ క్షమించాం."

బల్లల చుట్టూ చాలామంది ఆమెన్ అన్నారు. ఆడవాళ్ళు లేచి ఒక్కొక్కరే వచ్చి వసంతకుమారిని కావలించుకోవడం మొదలుపెట్టారు. పౌడరు వాసనలు, తడి చెంపలు. నిజంగానే ప్రేమగా వచ్చారు వాళ్ళు, అదే ఆవిడ తట్టుకోలేకపోయింది. నింద వేస్తే మోసేది. మోయడానికి ఒప్పుకుంది కూడా. కానీ క్షమాపణ అంటే ఆవిడకి చిన్న మాట కాదు. ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల దగ్గర మోకరించి, చేసిన తప్పు ఒప్పుకుని తీసుకునేది అది. చేయని తప్పుకి దాన్ని తీసుకుంటే అది ప్రభువు ముందు అబద్ధం ఆడటమే. ఎడ్నా వైపు చూసింది. ఎడ్నా పళ్ళెంలోకి చూస్తోంది.

అందరి తర్వాత వెర్నన్ వచ్చాడు. రెండు చేతులూ చాపి, మొహం నిండా జాలితో వచ్చాడు. ఆవిడ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. పేరు పెట్టి ఎన్నడూ పిలవని ఆవిడ, ఇంటికొచ్చిన చుట్టాన్ని కుశలం అడిగినట్టు, మెల్లగా అడిగింది.

"వెర్నన్, ఆ ఈతకొలను నిండిందా?"

గట్టిగా అనలేదు. పక్కన నిలబడ్డ ఒకరిద్దరికి తప్ప వినపడి ఉండదు. ఆయన చేతులు మాత్రం ఆవిడ చేతి మీద బిగుసుకున్నాయి. ఏమీ తెలియనట్టు మొహం పెట్టాలని చూశాడు. కుదరలేదు.

"సగం," అన్నాడు. "సగమే నింపాను."

అని, అక్కడే, బల్ల అంచు పట్టుకుని నిలబడి, ఇన్‌స్పెక్టరు కూర్చున్న వైపు తిరిగాడు. ఆవిడ సమయానికే మోగించిందన్నాడు. బండి తన దగ్గరుందన్నాడు. ఎవరికీ చెప్పకుండా తనే తీసుకెళ్ళానన్నాడు. చెబుతున్నంతసేపూ గుక్కపట్టి ఏడుస్తూనే ఉన్నాడు. కుర్రాళ్ళు నేల చూపులు చూస్తున్నారు. ఇన్‌స్పెక్టరు పళ్ళెం పక్కకి జరిపి, బయట మాట్లాడదాం రండి అన్నాడు.

ఆనందబాబు లేచి వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు. బండి అక్కడ ఉండగా తనూ చూశానని, ఎవరూ అడక్కపోయినా, అందరికీ వినపడేలా చెప్పాడు. ఆవిడ ఆయన మోచెయ్యి పట్టుకుంది. తేలికపడుతుందనుకుంది. పడలేదు. అలాగని తప్పు చేశాననీ అనిపించలేదు. ఏడుపు మాత్రం ఆగలేదు.

ఎడ్నా లేచింది. ఆవిడని పట్టుకోవడానికి వసంతకుమారి అలవాటుగా ముందుకి వెళ్ళి చెయ్యి చాపింది. ముసలావిడ ఆ చెయ్యి పట్టుకోలేదు.

"నిన్ను నేను ఒక్కటే అడిగాను," అంది.

కోపంగా అనలేదు. అలసిపోయి అంది. అలా అని, గోడ మీద చెయ్యి వేసి, ఇటుకల్ని తడుముకుంటున్నట్టు నెమ్మదిగా గుమ్మం దాకా వెళ్ళి, మేనకోడలి కారెక్కింది. వసంతకుమారి ఆ కారు మలుపు తిరిగేదాకా చాపిన చేయి దించకుండా నిలబడి ఉంది.

ఇంటికొచ్చి కొంచెంసేపయ్యాక తలుపు తట్టిన చప్పుడైంది. మేనకోడలు. కారు ఇంజన్ ఆపకుండా వచ్చింది. కారులో ఎవరూ లేరు. అత్తయ్య సామానేమైనా ఉంటే తీసుకెళ్దామని వచ్చానంది. వసంతకుమారి ఆమెని రేణు గదిలోకి తీసుకెళ్ళింది. ఎడ్నా పొద్దున్నే లేచి దుప్పటి మడతలు బిగించి, దిండు సరిచేసి వెళ్ళింది. బల్ల మీద ఏమీ లేదు. సొరుగులో ఏమీ లేదు. కుర్చీ మీద మడతపెట్టిన నైటీలు రెండు, ఒక స్వెట్టరు, జోళ్ళు. అవన్నీ వసంతకుమారివే.

వాటినే ఒక సంచిలో సర్ది, స్వెట్టరు పైన ఉండేలా పెట్టి ఇచ్చింది. పొద్దున్న చలిగా ఉంటుంది, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, వేడిగా ఏదైనా తాగించమని చెప్పింది. ఆ అమ్మాయి సంచిలోకి చూసి ఇబ్బందిగా నిలబడిపోయింది.

"ఇవి మీవేనట కదా," అంది. "మీవేవీ తేవద్దన్నారు అత్తయ్య."

సంచిని మంచం మీద పెట్టి వెళ్ళిపోయింది.